సంగీతం రాని చెవి

అప్పజెప్పించుకోకుండా పోవడమేమిటండీ! పాఠం చెప్పి పరీక్ష పెట్టకుండా వెళ్లిపోయిన మాస్టారిని నేనెక్కడా చూడలేదు. మా ఊరి బడి పంతులు కూడా ఇంత అన్యాయం చేయలేదు. పోయిన శుక్రవారం తెల్లవారుజామున మా పైవాటా సంగీతం సారు నిద్రలోనే పోయారు. గురువారం సాయంత్రం కొత్త కీర్తన చరణం నాకు పాడి వినిపించారు. తెల్లారాక నేను దాన్ని తిరిగి ఆయనకు పాడాలి. అదీ మా ఒప్పందం.

నాచారంలో మోటార్లు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ణి. సంగీతంతో నాకున్న చుట్టరికం బోరు మోటారుకు విమానంతో ఉన్నంత. సారు అందుకే నన్ను ఎంచుకున్నారు. ఫ్యాక్టరీలో గుమాస్తాగిరీ చేస్తూ, బస్సుల్లో, భోజనాల వేళల్లో కీర్తనలు కట్టిన మనిషాయన. "శిష్యులకు ఏం పాడినా గుర్తుంటుందయ్యా, అది వాళ్ల చదువు. నీ చెవిలో తెల్లారేదాకా నిలిస్తేనే అది పాట" అనేవారు.

పొద్దున్నే పాల ప్యాకెట్టు పట్టుకుని నా షాపు ముందు నిలబడేవారు.

"ఊఁ, నిన్నటిది అను."

"జర చాయ్ తాగనియ్యుండ్రి సారూ. గొంతు ఇంకా లేవలే."

"నీ గొంతు ఎప్పుడు లేచింది గనక? అను."

ఒక్కోసారి మధ్యలో ఓ ముక్క ఎగిరిపోయేది. "యాదికొస్తలేదు సారూ" అంటే చిన్నబుచ్చుకునేవారు కాదు. "తప్పు నీది కాదులే, దానిది" అని ఆ పాదం అక్కడే కొట్టేసి, మెట్లెక్కి మళ్లీ మొదలుపెట్టేవారు. నా మతిమరుపు ఎన్ని మంచి పాదాలను మింగిందో!

ఒకసారి ఉప్పల్‌లో గుడి ఉత్సవానికి వెళ్లాం. ఒకావిడ సారు కీర్తనే పాడి, ఎవరు కట్టారో తెలియని పాత కీర్తన అని చెప్పింది. నేను లేవబోతే సారు చొక్కా పట్టి లాగారు.

"ఏంది సారూ, మీ పేరు జెప్పొద్దా?"

"కూర్చోవయ్యా. పాతదనుకుందంటే ఎంత బాగా కుదిరిందో చూడు."

ఆయన ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం బస్సులో ఏడుపొచ్చింది.

ఆఖరి కీర్తనకు పల్లవి, అనుపల్లవి స్వరాలతో సహా కాగితం మీద ఉన్నాయి. చరణానికి మాటలే ఉన్నాయి. దాని వరస నా చెవిలో తప్ప ఎక్కడా లేదు. అందుకే పాడె వెనక నడుస్తూ నేను ఏడవలేదు. ఏడిస్తే చెదిరిపోతుందని లోపల్లోపల ఆ వరసే పాడుకుంటూ నడిచాను. వీడిది రాతి గుండె అనుకుని ఉంటారు చూసినవాళ్లు. చితి దగ్గర మాత్రం ఆపుకోలేకపోయాను. నాలుగు పాదాల్లో నాలుగోది అక్కడే పోయింది.

సారు దగ్గర నేర్చుకున్న అమ్మాయి రోజూ వచ్చి అడుగుతోంది.

"మీకెట్ల వస్తే అట్ల పాడుండ్రి అంకుల్. నేను సరిజేసుకుంట."

"నేను కల్పిస్తే నాదైతది. నువ్వు సరిజేస్తే నీదైతది. సారుది ఏడబోతది బిడ్డా?"

ఒకసారి మరిచిపోయిన చోట ఏదో అతికించి ధైర్యంగా పాడేశాను. సారు కళ్లు మూసుకుని విని, "బాగుంది, కానీ నాది కాదు" అన్నారు. ఇప్పుడా మాట అనే మనిషి లేడు. యాదికి లేదని ఒప్పుకుంటే, పైకి వెళ్లి మళ్లీ కట్టే మనిషీ లేడు.

ఎన్నాళ్లని తప్పించుకుంటాను? మిగిలినవి కూడా జారిపోకముందే ఈ రోజు పాడేస్తానని మాటిచ్చాను. పైన సారు భార్య శ్రుతిపెట్టె పెట్టినట్టున్నారు. పాట లేని శ్రుతి మెట్ల మీదుగా కిందికి దిగుతోంది. మూడు పాదాలు పాడతాను. నాలుగోదాని దగ్గర నోరు మూసుకుంటాను. ఆ కాసేపూ శ్రుతి ఒక్కటే మోగుతూ ఉంటే, సారు కుర్చీ వైపు ఎవరమూ చూడకుండా, అందరం—

"అన్నయ్యగారూ, అమ్మాయి వచ్చింది, పైకి రండి!"

వస్తున్నానమ్మా.