అమ్మతో చూసిన జమైకా సినిమా

ఏలూరు కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. జమైకా సినిమాల మీద పాఠం తయారు చేసుకోవాల్సి వచ్చి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక తాడేపల్లిగూడెంలో అమ్మ పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో ఒకటి పెట్టాను. అమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది.

సినిమాలో ఒక చిన్నపిల్ల క్లాసులో తన ఇంటి భాషలో జవాబు చెబుతుంది. దొరలు వెళ్ళిపోయి ఏళ్ళయినా బడిలో దొరల ఇంగ్లీషే మర్యాద. టీచరమ్మ ఆ పిల్లను బెంచీ ఎక్కిస్తుంది.

చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న అమ్మ ఆగిపోయింది.

"నిన్నూ ఇలాగే నిలబెట్టాను కదే. క్లాసులో మేడమ్ అనకుండా అమ్మా అని పిలిచావని."

"నాకు గుర్తులేదమ్మా," అని అబద్ధమాడాను.

"ఎందుకుండదు? ఆ మధ్యాహ్నం నువ్వు క్యారేజీ ముట్టుకోలేదు."

చిక్కుళ్ళు పక్కన పెట్టి తనే అంది: "ఆ పిల్ల మాట్లాడిన ముక్క మళ్ళీ పెట్టవే. కింద వచ్చే అక్షరాలు తీసెయ్యి. మాట విందాం."

వినిపించినవి చాలావరకు ఇంగ్లీషు మాటలే, కానీ రాగం వేరు. మూడుసార్లు విన్నాం. "ఎంత ముద్దుగా చెబుతోందే!" అంటూ అమ్మ తనూ అలా పలకబోయి, నోరు తిరక్క పకపకా నవ్వేసింది.