కలిదిండిలో దొరికిన గార్డు పెట్టె

తాడేపల్లిగూడెంలో మత్తయి గారి ఇల్లెక్కడండీ అని అడిగితే రిక్షా వాళ్ళ దగ్గర్నుంచి పాలవాళ్ళ దాకా ఎవరైనా చెబుతారు. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు, ఒక్కనాడూ ఎవరిచేతా మాట పడలేదు. రైల్వేవారిచ్చిన మెడల్ ఉంది, కప్పిన శాలువా ఉంది, పెద్ద ఆఫీసరు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది. అయితే ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా ఆయన పేరు మోగింది వాటివల్ల కాదు. బొమ్మ రైలు వల్ల.

స్వరాజ్యం రాకముందు మిషను దొరసాని ఒకామె చర్చిలో క్రిస్మస్‌కి పెట్టే పశువులపాక బొమ్మ చుట్టూ తిప్పడానికి ఇంగ్లండు సీమ నుంచి ఒక రేకు రైలు తెప్పించింది. తాళం తిప్పితే నడిచే ఇంజను, దాని వెనక పెట్టెలు. ఆమె తిరిగి వెళ్ళిపోతూ ఇంజనూ పట్టాలూ చర్చికి వదిలి, పెట్టెల్ని మాత్రం బైబిలు వాక్యాలు తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలకు తలొకటి బహుమతిగా ఇచ్చేసింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, తలో ఊరూ వెళ్ళారు. పెట్టెలూ వాళ్ళతోనే వెళ్ళాయి.

రిటైరైన ఏడాది మత్తయి గారు చర్చి గదిలో మూలనున్న ఆ ఇంజను బయటికి తీసి, దుమ్ము దులిపి, కుట్టుమిషను నూనె వేసి తాళం తిప్పారు. అది గిర్రుమంది. అంతే, ఆయనకు పూనకం వచ్చింది.

"ఏవండీ, రైల్వే మిమ్మల్ని వదిలింది గానీ మీరు దాన్ని వదల్లేదన్నమాట," అంది భార్య దీవెన.

"బండి ముక్కలై ఊళ్ళమీద పడి ఉంటే గార్డుకి నిద్రెలా పడుతుందే?" అన్నారాయన.

గణపవరంలో ఒక ఇంట్లో టీవీ పక్కన ఎర్ర ప్రయాణికుల పెట్టె దొరికింది. జంగారెడ్డిగూడెంలో పాలు మోసే ట్యాంకు పెట్టె దొరికింది. ఏలూరులో బొగ్గు పెట్టెలో ఎవరో తులసి మొక్క వేస్తే, కుండీ కొనిచ్చి మరీ దాన్ని విడిపించారు. ఎవరైనా పెట్టె చూపిస్తే ఆయన మొదట రంగు చూడరు. వెల్లకిలా తిప్పుతారు. "రంగుదేముంది, ఎవరైనా వేస్తారు. అడుగు అబద్ధం చెప్పదు," అంటారు. అడుగున రేకు నాలుకలు చీలికల్లోంచి వచ్చి మడతపడి ఉంటే అది పాతకాలపుది. మరలు బిగించి ఉంటే తర్వాత వచ్చింది. కొక్కెం పలకలా చదునుగా ఉందా, చక్రానికీ చక్రానికీ మధ్య రెండు వేళ్ళు నిండుగా పడుతున్నాయా, ఇంజను అడుగునున్న గుర్తే దీనికీ అచ్చుపడిందా, అన్నీ చూస్తారు. నిడదవోలులో ఒకాయన సీమ సరుకని ముచ్చటపడుతున్న పెట్టెని తిప్పి చూసి, "అయ్యా, ఇది మా బండిది కాదు, దీనిది వేరే కుటుంబం," అని మర్యాదగా చేతిలో పెట్టి వచ్చారు.

అలా అన్ని పెట్టెలూ చేరాయి, ఒక్కటి తప్ప. బండి చివర గార్డు కూర్చునే ఆఖరిది, గార్డు పెట్టె.

చిక్కంతా అక్కడే వచ్చింది. పెట్టెలిచ్చిన ఇళ్ళవాళ్ళు ఊరికే ఇవ్వలేదు. "ఈ క్రిస్మస్‌కి బండి నిండుగా తిరిగితే మా పెట్టె చర్చికే ఉంచేస్తాం. లేదంటే మర్నాడే పట్టుకుపోతాం. మా పెద్దల గుర్తు అది," అన్నారు. అంటే ఈ క్రిస్మస్ తప్పితే, ఏళ్ళ తరబడి కూర్చిన బండి మళ్ళీ ఊరికొక ముక్కయిపోతుంది.

పాస్టరు ఏసుకుమార్ గారు సర్దిచెప్పబోయారు. "గార్డు గారూ, ఆ ఒక్కటీ లేకుండా తిప్పేద్దామండీ. జనానికేం తెలుస్తుంది? అయినా ఇప్పుడు నిజం గూడ్సు బండ్లకే గార్డు పెట్టెలు తీసేస్తున్నారటగా?"

"వాళ్ళ బండ్లు వాళ్ళిష్టమండీ అయ్యగారూ. ఆఖరి పెట్టె లేకుండా నా చేత్తో నేను బండి వదల్లేదు, వదలను," అన్నారు మత్తయి గారు.

డిసెంబరు వచ్చేసింది. కలిదిండిలో సలోమమ్మ అనే ఆవిడ అత్తగారు కూడా ఆ రోజుల్లో బహుమతి తీసుకున్న పిల్లేనని ఒక ముసలాయన చెప్పాడు. ఆ ఇంటికి మత్తయి గారు కిందటేడు కూడా వెళ్ళారు. "రైలు బొమ్మ ఏమైనా ఉందా అక్కయ్యగారూ?" అంటే, "మా ఇంట్లో బొమ్మలెక్కడివి తమ్ముడూ," అని భోజనం పెట్టి పంపింది. అయినా మళ్ళీ బయల్దేరారు.

ఆటో దిగి చేపల చెరువుల గట్లమీదుగా వెళ్ళేసరికి సలోమమ్మ ఎసట్లో బియ్యం పోయబోతోంది.

"మళ్ళీ వచ్చావా! రైలుకోసమా, నా చేపల పులుసుకోసమా?"

"రెండిటికీనండీ."

ఆమె నవ్వుకుంటూ డబ్బాలోంచి నీలంరంగు రేకు కొలతతో బియ్యం తీసింది. ఎసట్లో వేసేముందు ఒక కొలత పక్కనున్న కుండలో పోసింది. అది దేవుడి బియ్యం. పూటపూటా అలా తీసిపెట్టి నెలకోసారి చర్చికి ఇవ్వడం ఆ క్రైస్తవుల ఇళ్ళలో తరాలనుంచీ ఉన్న అలవాటు. మత్తయి గారి కళ్ళు కుండమీద లేవు, కొలతమీద ఉన్నాయి. నలుచదరంగా ఉంది. పక్కన చిన్న ఉబ్బు ఉంది. ఆమె బొటనవేలు సరిగ్గా దానిమీద ఆనింది.

"అక్కయ్యగారూ, అదొక్కసారి ఇలా ఇస్తారా?"

వెల్లకిలా తిప్పారు. రేకు నాలుకలు మడతపడి ఉన్నాయి. అడుగు రేకు కిందికి దిగిన అంచుల్లో ఇరుసులు పెట్టే చిల్లులున్నాయి. ఒక చివర విరిగిన కొక్కెం మొదలు ఉంది. సంచిలోంచి బొగ్గు పెట్టె తీసి పక్కన పెడితే రెంటి అడుగునా ఒకటే గుర్తు. ఆ ఉబ్బు బొటనవేలికి కాదు, గార్డు తొంగిచూడడానికి పెట్టిన గూడు! అత్తగారు కప్పూ చక్రాలూ పీకేసి కొలత చేసుకుంది. క్రిస్మస్‌కి ఇల్లంతా రంగు వేసినప్పుడల్లా తలుపులకు మిగిలింది దీనికీ పూసేవారు. కిందటేడు ఆయన తిన్న అన్నం కూడా దీంతో కొలిచిందే. చక్రాలున్న బొమ్మకోసం ఇల్లంతా కలియజూసిన మనిషి వంటింటి డబ్బాలోకి చూడలేదు.

"ఇదే నా బండి!" అని అరిచారు.

సలోమమ్మ కొలత లాగేసుకుంది. "బాగుంది వరస! ఇది దేవుడి కొలత. మా అత్తగారు చేతిలోపెట్టి వెళ్ళింది. దీన్ని తీసుకెళ్ళి బొమ్మ చేస్తావా?"

"దేవుడి గుళ్ళో తిరిగే బండేకదండీ."

"రేపట్నుంచి దేవుడి వాటా దేంతో కొలవను? ఒక గింజ తగ్గితే ఎవరు చెబుతారు జవాబు?"

మత్తయి గారు పీట వాల్చుకున్నారు. చేపల పులుసు తిన్నారు. చెయ్యి కడుక్కుని, "గింజ తేడా రాని కొలత తెచ్చిస్తే ఇస్తారా?" అన్నారు.

"తెచ్చాక చూద్దాం. ఇంకోమాట. ఈ నీలంరంగు గీకావంటే ఊరుకోను."

పాత రంగు బయటికి తీయాలని ఆయనకు చేతులు దురద పెడుతున్నాయి. అయినా సరేనన్నారు.

మర్నాడు ఆమెనీ కొలతనీ కలిపి ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ రేకుపని చేసే మదార్ ఉన్నాడు. దీపాలు, గరాటులు, కిరసనాయిలు కొలతలు చేసిన చెయ్యి. మదార్ పాత కొలత నిండా బియ్యం పోయించి చూసి, కొత్త రేకు కత్తిరించి, అదే ఆకారం మడిచి, బొటనవేలికి ఉబ్బు కూడా కొట్టాడు. సలోమమ్మ ఎవర్నీ నమ్మలేదు. పాతదాంట్లో పోసి అంచు చదునుచేసి కొత్తదాంట్లోకి ఒంపింది. కొంచెం వెలితిగా కనబడింది.

"చూశావా?" అంది.

"ఆగండమ్మా," అని మదార్ కొత్తదాని అంచుని సన్నంగా కత్తిరించి మడిచి ఇచ్చాడు. మళ్ళీ ఒంపింది. అంచుకి అంచు. గింజ మిగల్లేదు, గింజ తగ్గలేదు. కొత్త కొలతని అటూ ఇటూ తిప్పి చూసి కొంగున కట్టుకుంది. నీలం పెట్టెని మత్తయి గారి చేతిలో పెట్టింది.

"చక్రాలు నేను తగిలిస్తానండి గార్డు గారూ, రంగు ముట్టుకోను," అన్నాడు మదార్. అన్నట్టే చేశాడు.

క్రిస్మస్ సాయంత్రం చర్చి కిటకిటలాడింది. గణపవరం వాళ్ళు, జంగారెడ్డిగూడెం వాళ్ళు, ఏలూరు వాళ్ళు ఎవరి పెట్టె దగ్గర వాళ్ళు చేరారు. మదార్ ఇంటిల్లిపాదితో వచ్చాడు. మత్తయి గారు ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం వేసుకుని వచ్చి, ఆఖరున నీలం పెట్టె తగిలించి, అందులో దోసెడు దేవుడి బియ్యం పోయించారు. తాళం తిప్పి ఇంజను పట్టుకుని ఆగారు.

"ఇంకా దేనికండీ?" అన్నారు పాస్టరు గారు.

"జెండా పడలేదండీ," అని పచ్చజెండా సలోమమ్మకి అందించారు. "గార్డు పెట్టె మీది. మీరు ఊపితేనే కదులుతుంది."

"నేనా! నాకు రాదు తమ్ముడూ," అంటూనే ఆమె లేచి నిలబడి, చీర సర్దుకుని, జెండా ఎత్తి ఊపింది.

బండి కదిలింది. పశువులపాక చుట్టూ, గొర్రెలకాపరుల పక్కనుంచి, ఒక్క పెట్టె పట్టాలు తప్పకుండా, ఒక్క గింజ కిందపడకుండా తిరిగివచ్చింది. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. దీవెన కళ్ళు తుడుచుకుంటూ, "మీ సర్వీసులో ఇంత మంది ఎదురుచూసిన బండి ఇదొక్కటేనండీ," అంది.

గణపవరం పెద్దాయన ఎర్ర పెట్టె మీద చెయ్యి వేశాడు. పట్టుకుపోతాడేమోనని అందరూ చూశారు. ఆయన దాన్ని పట్టాలమీద సరిగ్గా సర్దాడంతే.

"ఇంకోసారి తిప్పండి గార్డు గారూ. మా పెట్టె ఎక్కడికీ వెళ్ళదు," అన్నాడు.

మిగతావాళ్ళూ అదేమాట అన్నారు. మత్తయి గారు మళ్ళీ తాళం తిప్పారు.