నేను చేయని ఉపవాసం

నా భర్త పోయాక మొయినాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, చందనవెల్లిలో ఒక కంపెనీకి ప్యాకింగ్ పనికి వెళ్తున్నాను. ఒక్క మనిషికి వండుకోవడం ఎంత విసుగో వండుకున్నవాళ్లకే తెలుసు. అందుకే అన్నం కడుపులో నిలవనప్పుడు మొదట నా వంటనే తిట్టుకున్నాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. పొద్దున తిన్నది సాయంత్రానికి మెతుకులు మెతుకులుగా వాంతయ్యేది.

అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు. మా చర్చివాళ్లు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన చేసుకుని భోంచేస్తారు. ఒకరోజు నేను పళ్లెం ముట్టకపోతే పాస్టరమ్మ అందరి ముందు నా చెయ్యి పట్టుకుంది.

"చూసిండ్రా, అక్క రాత్రి గూడ తింటలేదు. ఎంత నిష్ఠగ ఉన్నదో!"

నాకు ఒంట్లో బాగాలేదని చెప్పబోయేలోగా అందరూ పాట అందుకున్నారు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ నన్ను తినమని అడగలేదు. నేను బక్కచిక్కిన కొద్దీ నా మర్యాద పెరిగింది. నాకు ఒళ్లు మండేది. ఆ మర్యాదను ఏం చేసుకోను?

మంచినీళ్లు కూడా నిలవని రోజున ఒక్కదాన్నే బస్సెక్కి చేవెళ్ల దవాఖానకు వెళ్లాను. గొంతులోంచి కెమెరా పైపు దించి చూశారు.

"కడుపుల కండ పెరిగిందమ్మా, పాలిప్ అంటరు. అది జారి పేగు దారికి అడ్డం పడుతున్నది. పెద్దగున్నది, ఆపరేషన్ చేసి తీయాలె. నీ వెంబడి ఎవరొచ్చిండ్రు?" అన్నాడు డాక్టర్.

నాకు ఆపరేషన్ కన్నా ఆ చివరి మాటకే భయం వేసింది. "ఎవ్వరు రాలె సార్" అన్నాను. థియేటర్‌లోకి తీసుకెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడటానికి నాకెవరూ లేరు. గోడ చూసుకుంటూ వెళ్లాను.

కండ తీసేశారు. అది క్యాన్సర్ కాదని పరీక్షలో తేలింది. ఎవరి ద్వారా తెలిసిందో, పాస్టరమ్మ పరుగున వచ్చింది.

"గింత కష్టముంటే మాకు చెప్పొద్దా అక్కా?"

"అడిగినోళ్లెవరు?" అన్నాను, కుట్లు లాగుతున్నా సరే.

ఆమె నా మంచం పక్కన కూర్చుంది. "డాక్టర్ తినమన్నంక ఏం వండుకరావాలె అక్కా? నీకేమిష్టం?" అని అడిగింది.

ఇంకా నాలుగు మాటలు అనాలనుకున్నాను. కానీ ఏమిష్టమో చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయన పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.