కంది నుంచి ఒక స్టీలు మూతతో

నేను కంది వెళ్ళడానికి కారణం మా ఓనరుగారి మేనకోడలి నిశ్చితార్థం. అది సరిగ్గా ఆ బుధవారమే పడకపోతే ఆయనే వెళ్ళేవారు, నాకీ కథనం రాసే పనే ఉండేది కాదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాది చిన్న వర్క్‌షాపు. స్టీలు ఛాంబర్లు చేస్తాం. అంటే లోపలి గాలినంతా పంపుతో తోడేసి, ఆ ఖాళీలో పని చేసుకునే డబ్బాలు, వాటి మూతలూ గొట్టాలూ. చిప్పులు తయారుచేసే వాళ్ళకు ఇవి లేనిదే పూట గడవదు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ తనిఖీ పని నాది. నా సంతకం పడనిదే ఒక్క ముక్క కూడా గేటు దాటదు.

చిప్పుల రంగంలో ఉన్న కొన్ని కంపెనీలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. బజారులో ఒకరి గిరాకీని ఒకరు లాక్కునేవాళ్ళే, ఇక్కడ మాత్రం తలా కొంత ఒకే హుండీలో వేసి విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేయిస్తారు. తేలిన సంగతులు అందరివీ. ఏడాదికొకసారి అందరూ వచ్చి, చూసి, ఏ పని సాగాలో ఏది ఆగాలో చేతులెత్తి తేలుస్తారు. వేలమంది పనిచేసే కంపెనీకీ ఒకటే చెయ్యి, మా వర్క్‌షాపుకీ ఒకటే చెయ్యి. అందరికన్నా చిన్నవాళ్ళం మేమే. మా ఓనరు మల్లేశం గారు అందులో చేరినప్పుడు "ఏనుగుల పంక్తిలో ఎలుకకు విస్తరి వేసినట్టుంది" అని నేనే వెక్కిరించాను.

ఆ వెక్కిరింపు గుర్తుపెట్టుకున్నారేమో, ఈసారి కందిలో జరిగిన ఆ సమావేశానికి నన్నే పంపారు.

"మీరు పోయి రాండ్రి మేడం. కూసోండ్రి, ఇనుండ్రి, అన్నం తినుండ్రి. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తుండ్రి. పెద్ద పెద్దోళ్ళొస్తరు, మన కాగితాలు గూడ జెర పంచుండ్రి. గంతే."

ఆ కాగితాల మీద మా వర్క్‌షాపు బొమ్మ, కింద 'నాణ్యతే మా ప్రాణం' అనే మాట ఉంటాయి. ఒక కట్ట సంచిలో వేసుకున్నాను.

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు ముందు ఏడూ ఇరవైకి షేర్ ఆటో దొరికింది. పటాన్‌చెరు చేరేసరికి ఎనిమిదికి పది తక్కువ. బస్టాండు పక్క బండి మీద ఇడ్లీ తిన్నాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: అక్కడ అల్లం చట్నీ అడిగి వేయించుకోండి, అడగకపోతే వెయ్యరు. ఎనిమిదింబావుకు సంగారెడ్డి బస్సు వచ్చింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. మగవాళ్ళు మామూలుగా టికెట్ కొనుక్కోవాలి, దానికి నేనేమీ చెయ్యలేను.

నా పక్కన కూర్చున్నావిడ పేరు లక్ష్మమ్మ. కందిలోని సాంకేతిక విద్యాసంస్థ హాస్టల్లో వంట చేస్తుందట. నేనూ అక్కడికే అంటే మొహం విప్పారింది.

"లోపట శానా దూరం మేడం. గేటు కాడ కరెంటు బండి ఎక్కుండ్రి, నడవకుండ్రి."

"పిల్లలు బాగా తింటారా?"

"ఏం తింటరు? పొద్దుగాల లేవనే లేవరు. ఒక్క పిల్లనే ఉన్నది, నస్రీన్ అని, సదాశివపేట. ఆరింటికే మిషన్ షురూ చేసి, మల్ల టిఫిన్‌కు ఉరికొస్తది. 'మిషన్ కాలుతున్నదక్కా' అని రెండు ఇడ్లీలు చేతుల వట్టుకొని మల్లా ఉరుకుతది. ఈ నడుమ మొహంల కళ లేదు బిడ్డకు."

ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం. లారీల మధ్య బస్సు నిలిచీ నిలిచీ నడిచి, తొమ్మిదింటికి కందిలో దించింది. లక్ష్మమ్మ చెప్పినట్టే కరెంటు బండి ఎక్కాను. ఒక పక్క ప్రహరీ అవతల పత్తి చేనుకు మందు కొడుతున్నారు, ఇంకో పక్క అద్దాల భవనాలు. వాటి గురించి రాయడానికి నాకు మాటలు లేవు, ఒక్కటి మాత్రం చెప్పగలను: మెట్లు చాలా ఎక్కువ.

టీ తరువాత పది గంటలకు ప్రయోగశాలలు చూపించారు. బూట్ల మీద తొడుగులు, తలకు టోపీ. మూడో గదిలో నిలబడిన సన్నటి అమ్మాయే నస్రీన్. ఛాంబర్‌ను బాగా వేడిచేసి, లోపలి ఖాళీలో ఒక పలక మీద వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండని పలచటి పొర పెంచడం ఆమె పరిశోధన. ఆ పొర కుదిరితే చిప్పులు తక్కువ కరెంటుతో నడుస్తాయట. నేను మాత్రం పొర గురించి వినడం మానేసి మూత చూస్తున్నాను. అది మాది. మా లేత్ మీద పనిచేసే ఖాజా భాయ్ చేతి పని. పెళ్ళివారి పళ్ళెంలా ధగధగలాడుతోంది.

"మస్తు మెరుస్తది కదా ఆంటీ. నా టోపీ గూడ గీండ్లనే సూసుకొని సర్దుకుంట" అంది నస్రీన్.

"మేమే చేశామమ్మా" అన్నాను, వద్దన్నా వచ్చే గర్వంతో.

పదకొండున్నరకు హాల్లో ఆమె వంతు వచ్చింది. మొదటి ఏడాది పొరలు చక్కగా వచ్చాయి. పోయిన వానాకాలం నుంచి ఒకటి బాగుంటే నాలుగు పాడవుతున్నాయి. పాడైనవాటిని దాచకుండా అన్నీ చూపించింది. ముందు వరుసలో బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద కంపెనీ ఆయన ఉన్నారు, కళ్ళజోడు తుడుచుకోవడం ఆయనకు అలవాటు. అది తుడుచుకుంటూనే, మర్యాదగానే అన్నారు: మళ్ళీ మళ్ళీ ఒకేలా రానిది పద్ధతి అనిపించుకోదు, ఇది ఆపి ఆ సాయం ఇంకో పనికి ఇద్దాం. చాలా తలలు ఊగాయి. చేతులెత్తడం మూడు గంటలకు.

ఒంటిగంటకు భోజనం. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. నస్రీన్ నా ఎదురుగా కూర్చుని అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరుపుతోంది.

"ఆపేస్తే ఏం చేస్తావమ్మా?"

"సదాశివపేటల కాలేజీ ఉన్నదాంటీ, పాఠం చెప్పుకుంట. అబ్బాకు గాజుల దుకాణం ఉన్నది. బతుకుడుకు ఫికర్ లేదు. గని ఈ పొర ఎందుకు కరాబైతున్నదో తెల్వకుంట ఇడిసిపెట్టి పోవుడే... గదే పరేషాన్."

తనిఖీ మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఏదైనా చెడితే, అంతకుముందు ఏం మారిందని అడిగిస్తుంది.

"పోయిన వానాకాలంలో ఏమైనా మార్చావా?"

"ఏం మార్చలే. పాత మూతకు లోపటికి సూసే కిటికీ సరిగ లేదని మీ కొత్త మూత పెట్టినం, గంతే. లీకు గూడ చెక్ చేసినం, పాసైంది."

"వేడిగా ఉన్నప్పుడు చూశారా?"

"లేదాంటీ, సల్లగున్నప్పుడు."

కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. లేత్ మీద, అంటే లోహాన్ని గుండ్రంగా తిప్పి కోసే యంత్రం మీద, మూత అడుగు కోసినప్పుడు సన్నటి గీతలు గుండ్రంగా పడతాయి. ఆ గీతల మీద రబ్బరు రింగు కూర్చుంటుంది. బయటి గాలి లోపలికి రావాలంటే గీత తరువాత గీత గోడలా అడ్డం. అదే చోట ఎమరీ కాగితం పెట్టి అటూ ఇటూ రుద్దితే కంటికి అద్దంలా ఉంటుంది కానీ, బయటి నుంచి లోపలికి అడ్డంగా కనబడని సందులు పడతాయి. చల్లగా ఉన్నంతసేపూ రబ్బరు వాటిని మూసి ఉంచుతుంది, వేడికి స్టీలు ఉబ్బి రింగు కదిలితే అవి తెరుచుకుంటాయి. అందుకే అడుగువైపు మెరుగు పెట్టకూడదని మా పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఖాజా భాయ్‌కి అందరికన్నా బాగా తెలుసు.

కానీ ఖాజా భాయ్‌దీ సదాశివపేటే. ఆ మూత ఎవరి కోసమో తెలిసిన రోజు "మా ఊరి బిడ్డ గింత పెద్ద సదువు సదువుతుంటే, మన మూత గరుకు గరుకు పోతే ఇజ్జత్ ఏముంటది మేడం" అన్నాడు. రెండు సాయంత్రాలు డ్యూటీ దిగాక కూర్చుని పైనా కిందా చేత్తో రుద్దాడు. తనిఖీకి వచ్చినప్పుడు నేను మూత తిరగేశాను. అడుగున నా మొహం కనబడింది. బొట్టు సరిచేసుకుని సంతకం పెట్టాను. నిజంగా అంతే చేశాను.

"మిషన్ ఇప్పుడు వేడిగానే ఉందా?" అన్నాను.

"పొద్దుగాల ఆరింటి నుంచి కాలుతనే ఉన్నది."

ఇద్దరం చెయ్యి కడుక్కుని లేచాం. ఒంటిగంట నలభైకి ప్రయోగశాలలో ఉన్నాం. లీకు చూసే యంత్రాన్ని ఛాంబర్‌కు తగిలించి, నస్రీన్ సన్నటి గొట్టంతో మూత అంచు చుట్టూ హీలియం వాయువు కొంచెం కొంచెంగా వదులుతూ వచ్చింది. లోపలికి సందు ఉంటే ఆ వాయువు దూరుతుంది, తెర మీద అంకె లేస్తుంది. సగం చుట్టు తిరిగినా అంకె కదల్లేదు. నాకు దేవుడి మీద ఆశ పుట్టింది. కిటికీకి కుడిపక్కకు వచ్చేసరికి అంకె ఒక్కసారి ఎగిరింది. గొట్టం తీస్తే దిగింది, పెడితే మళ్ళీ ఎగిరింది. అయిదుసార్లు చూశాం.

నస్రీన్ నేల మీద చతికిలబడి నవ్వింది, తరువాత కళ్ళు తుడుచుకుంది.

"అంటే నా తప్పు కాదా ఆంటీ?"

"కాదు తల్లీ. మాది. నాది."

మూడింటికి హాల్లో కూర్చున్నాక మల్లేశం గారికి ఫోన్ చేద్దామా అనుకున్నాను. అడిగితే ఆయన ఆలోచిస్తారు, ఆలోచన తెమిలేసరికి నిశ్చితార్థం భోజనాలు కూడా అయిపోతాయి. సంచిలో 'నాణ్యతే మా ప్రాణం' కట్ట బరువుగా ఉంది. మాకు పని ఇవ్వగలిగిన ప్రతి కంపెనీ ఆ గదిలోనే ఉంది. నస్రీన్ పేరు పిలవగానే లేచాను. 

"ఈ అమ్మాయి పద్ధతిలో లోపం లేదండీ. లోపం మూతలో ఉంది. ఆ మూత మా వర్క్‌షాపుది. మెరుగు పెట్టకూడని చోట మెరుగు పెట్టాం. పాస్ చేసిన సంతకం నాది. ఇప్పుడే వేడి మీద చూసి వచ్చాం, ఎవరైనా వచ్చి చూడవచ్చు."

 బెంగళూరు ఆయనే లేచి, నాకు అర్థమయ్యే తెలుగులో, "పదండి, చూద్దాం" అన్నారు. ఆయనతో ఇంకో నలుగురు వచ్చారు. అంకె వాళ్ళ ముందూ ఎగిరింది. తిరిగి వస్తూ ఆయన, "మా దగ్గర ఇలాంటి మాట బయటికి రావాలంటే మూడు అంతస్తులు దాటాలమ్మా" అన్నారు.

కొత్త మూత పెట్టి ఇంకో ఏడాది చూద్దామన్నారు. అందరికన్నా ముందు లేచిన చెయ్యి నాదే. ఒక్కరు తప్ప అందరూ ఎత్తారు. ఆ ఎత్తని మనిషే వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి మా కాగితం ఒకటి అడిగి తీసుకున్నారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఛాంబర్ చల్లారాక, నాలుగున్నరకు మూత విప్పి, పాతది బిగించి, మాది తువ్వాలులో చుట్టి ఇచ్చారు. నస్రీన్ గేటు దాకా మోసుకొచ్చింది. దారిలో ఖాజా భాయ్ సంగతి చెప్పాను.

"ఖాజా చాచాకు సలాం చెప్పుండ్రి ఆంటీ. పొరలు కరాబైన దినాలల్ల గా మూతలనే నా మొహం సూసుకొని, ఇంకొక్కపారి చేద్దాం అనుకునేదాన్ని."

అయిదుంబావుకు పటాన్‌చెరు బస్సు. కండక్టర్ నా కార్డు చూసి టికెట్ కొట్టి, ఒళ్ళోని మూట చూశాడు.

"మీకైతే జీరో మేడం. గీనికి ఆధార్ ఉన్నదా?"

బస్సంతా నవ్వింది. ఫ్యాక్టరీ డ్యూటీకి పోతున్న ఒక బీహారు కుర్రాడు "దీదీ, ఇధర్ దో" అని మూత తన ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు కొంచెం తీసి అందులో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. నవ్వొచ్చింది కానీ ఎంతోసేపు నిలవలేదు. అంత ప్రేమగా చేసిన పని తప్పని ఖాజా భాయ్‌కి ఎలా చెప్పాలి? ఇస్నాపూర్ దాకా మాటలు పేర్చుకున్నాను, ముత్తంగి వచ్చేసరికి అన్నీ చెదిరిపోయాయి.

ఆరుంబావుకు వర్క్‌షాపులో దిగాను. ఖాజా భాయ్ రెండో షిఫ్టులో ఉన్నాడు. మూత బల్ల మీద బోర్లా పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన గోరుతో అంచు మీద అడ్డంగా గీసి చూశాడు. ఇంకోసారి గీశాడు.

"నాకు తెల్వదా మేడం? ముప్పై ఏండ్ల సంది పొరగాళ్ళకు నేనే చెప్తున్న, గాడ రుద్దొద్దని." తల వంచుకున్నాడు. "గా బిడ్డ ఎన్ని దినాలు ఏడ్చిందో."

"పై మెరుపులోనే మొహం చూసుకుని ధైర్యం తెచ్చుకుందట. నీకు సలాం చెప్పమంది."

 ఆయన మూతను లేత్‌కు బిగించి, అడుగువైపు మాత్రమే కోశాడు. అద్దం పోయి గుండ్రటి గీతలు వచ్చాయి. పైవైపు ముట్టుకోలేదు, ఆ మెరుపు ఆ పిల్లకు ఉండాలన్నాడు. ఈసారి నేను మొహం చూసుకోలేదు. గోరు పెట్టి చుట్టంతా చూసి, అప్పుడు సంతకం చేశాను.

మూత దించి తుడుస్తూ ఉండగానే ఆయన చెయ్యి తనంతట తాను సొరుగులోకి పోయింది. ఎమరీ కాగితంతో బయటికి వచ్చింది. ఇద్దరం దాన్నే చూశాం. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేశాడు.

"మీ కాడనే ఉంచుండ్రి మేడం. మూత పొయ్యేదాంక నా చెయ్యి ఊకోదు."

ఏడున్నర షేర్ ఆటోలో కిష్టారెడ్డిపేట తిరిగి వచ్చాను. కంది వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే: బస్సులు చాలా ఉన్నాయి, భోజనం బాగుంటుంది, మెట్లకు సిద్ధపడండి. పెద్ద పెద్ద కంపెనీలన్నీ కలిసి పోషించే చదువు కూడా చివరికి పటాన్‌చెరులో ఒక మనిషి చేతి మీద, ఇంకో మనిషి సంతకం మీద నిలబడి ఉంటుందని నేను ఆ రోజే తెలుసుకున్నాను. ఎలుకకు విస్తరి ఎందుకు వేశారో కూడా. ఇంటి తాళం కోసం సంచిలో చెయ్యి పెడితే ఎమరీ వేళ్ళకు గరుకుగా తగిలింది. రేపు ఖాజా భాయ్ ఎంత బతిమాలినా ఇచ్చేది లేదు.