నాలుగు రోజుల సినిమా కేసెట్టు

మొన్నామధ్య మా మనవరాలు నన్ను పట్టుబట్టి మల్టీప్లెక్సుకి తీసుకెళ్లింది. నేను వయసులో ఉన్నప్పుడు గాజువాకలో సరిగ్గా నాలుగు రోజులాడి ఎత్తేసిన సినిమా ఒకదాన్ని, బొమ్మ తళతళలాడేలా శుభ్రం చేసి మళ్లీ వదిలారట. అది కల్ట్ సినిమా అట, టిక్కెట్లు దొరకడం లేదట. ఆ మాట వినగానే నాకు అనుమానమే కలిగింది. అప్పుడు ఒక్కడూ రాని సినిమాకి ఇప్పుడింతమంది ఎక్కణ్ణుంచి వచ్చారు? హాల్లో చూస్తే పాతికేళ్లు నిండని కుర్రకారు, తెరమీద మాట రాకముందే తాము చెప్పేస్తూ, ఈలలు వేస్తూ కూర్చున్నారు. నిజంగా నచ్చి వచ్చారో, నచ్చాలని ఎవరైనా చెబితే వచ్చారో తెలియక, నేను సినిమాకన్నా వాళ్ల ముఖాలే ఎక్కువసేపు చూశాను.

నా ఈడువారికి తెలుసు, ఆ రోజుల్లో పాటల్లేని సినిమా అంటే ఉప్పులేని కూరే. ఇందులో పాటల్లేవు, ఫైటింగుల్లేవు. సముద్రం ఒడ్డున లైట్‌హౌసు కాపలా కాసే ఒక ఒంటరివాడు, వెనకాల పడవ ఇంజను చప్పుడు, దాని మీదుగా సాగే ఒక నాదస్వరం. అంతే. నేనూ మా బావా ఆ నాలుగు రోజులూ వెళ్లాం.

బావంటే మా మేనత్త కొడుకు. మా అక్కని చేసుకున్నదీ అతనే. నేను ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే టర్నర్‌ని, అతను పోర్టులో ఓడల తుప్పు గీకి రంగులు వేసేవాడు. ఇద్దరివీ ఒకే వరసలో అద్దె ఇళ్లు. ఓడల్లోవాళ్లు వద్దనుకున్న కేసెట్లు అతను తెచ్చేవాడు. అవి ఏ దేశానివో అట్టమీది అక్షరాలను బట్టి కూడా తెలిసేది కాదు. ఒకదాన్నిండా ఇనప డ్రమ్ములే, మరొకదాంట్లో ఎవరో ఆడమనిషి గొంతు, అది పాటో ఏడుపో ఎంత విన్నా తేలదు. పొద్దస్తమానం ఇనుము కీచుమోత వినే మా చెవులకు అవి హాయిగా ఉండేవి. మా అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, “ఇదేటి పాటరా, మాటల్లేవు? ఎవులికైనా సేతబడి సేత్తన్నారేటి?” అని, నిజంగానే నిమ్మకాయతో మా ఇద్దరికీ దిష్టి తీసింది.

మాకూ లోకం మీద అంతే అనుమానం. వంద రోజులాడిన సినిమాలో ఏదో మోసం ఉంటుందనీ, నాలుగు రోజులకే ఎత్తేసినదాంట్లో తప్పకుండా నిజం ఉంటుందనీ మా సిద్ధాంతం. అందరూ మెచ్చిన పాట మాకు నచ్చితే, ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లం. బావ సంగతేమో గానీ, నాకు ఆ గర్వం బాగా తలకెక్కింది. పల్లె నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉన్నప్పుడు మా మేనత్త కూర తరుగుతూ ఊడ్పుల పాటలు పాడుకునేది. ఒక రోజు అందరి ముందూ, “ఆపు అత్తా, ఒక్క ముక్కనే ఎన్నిసార్లు తిప్పుతావు?” అని పగలబడి నవ్వాను. ఆవిడా నవ్వేసి ఆపేసింది. బావ నవ్వలేదన్నది నాకు అప్పుడు పట్టలేదు.

ఆ సినిమా మూడో రోజు మాట్నీకి నేను టిఫిను కేరియర్ సంచిలో టేప్ రికార్డరు పెట్టుకెళ్లి ఆ ఇంజను చప్పుడూ నాదస్వరమూ ఎక్కించుకొచ్చాను. దాని మీద ఎవరూ మరొకటి ఎక్కించకుండా కేసెట్టు అంచునున్న ప్లాస్టిక్ పలకని విరిచేశాను కూడా. అక్కడ కన్నం పడితే ఇక రికార్డు మీట కిందికి దిగదు. ఆ రోజుల్లో నా ప్రాణమంతా దాంట్లోనే ఉండేది.

రెండేళ్ల తర్వాత ఆ కేసెట్టు మాయమైంది. సరిగ్గా ఆ నెలలోనే మేనత్తకి గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. నేనూ ఆసుపత్రి చుట్టూ తిరిగాను, కాని నా మనసు మాత్రం కేసెట్టు మీదే ఉండేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అంతలో ఒకనాడు టీ కొట్టు రేడియోలో కొత్త సినిమా పాట వచ్చింది. దాని మొదట్లో నాదస్వరం, కింద ఏదో ఇంజను లాంటి దరువు. టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచాను. బావకి పట్నంలో ఆర్కెస్ట్రా వాళ్లతో స్నేహముండేది. కేసెట్టుని అతనే వాళ్లకిచ్చేశాడనడానికి ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. అక్కా, అమ్మా, గోడకి ఆనుకుని మెడచుట్టూ కట్టుతో మేనత్తా కూర్చుని ఉన్నారు. బావ నన్ను చూసి లేచి, “ఒరే, నీకో మాట సెప్పాలి,” అన్నాడు. నేను సాగనివ్వలేదు.

“కేసెట్ ఎవులికిచ్చేవు బావా?”

“నీకలా అనిపించిందేటి?”

“అనిపించడం కాదు, నా చెవుల్తో విన్నాను.”

“అయితే అల్గే అనుకో,” అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. మేనత్త నా వైపు చెయ్యి ఎత్తి, నోరు తెరిచి, ఏదో చెప్పాలని చూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు. వద్దత్తా, నీ కొడుకుని వెనకేసుకు రాకు అనుకుంటూ నేనూ లేచి వచ్చేశాను.

ఆ తర్వాత పన్నెండేళ్లు మా ఇద్దరికీ మాటల్లేవు. నేను ఇల్లు మారిపోయాను. రాఖీలకీ, పండగలకీ అక్క ఒక్కతే వచ్చి వెళ్లేది. ఏమైనా అడగబోతే, “మీ ఇద్దరి గొడవలో నన్ను పెట్టకండ్రా,” అనేది.

మేనత్త పోయినప్పుడు పెద్దకర్మకి వెళ్లక తప్పలేదు. ఆటో దిగి సందు మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. పన్నెండేళ్లుగా మాట లేని మనిషి, చనిపోయిన మనిషి, ఊడ్పుల పాట పాడుతోంది. మధ్యలో దగ్గు, ఎవరో మంచినీళ్లిస్తున్న చప్పుడు, మళ్లీ పాట. గుమ్మంలోకి వెళ్తే చుట్టాలందరూ టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. పాట ఆగింది. చిన్న టిక్కుమనే చప్పుడు, వెంటనే పడవ ఇంజనూ, నాదస్వరమూ.

బావ లేచి నా దగ్గరికొచ్చాడు.

“నీ సినిమా మీదే ఎక్కించేసేను రా. తెల్లారితే ఆపరేషనన్నారు. గొంతు మరి రాదని డాక్టరుబాబు ముందే సెప్పేసేడు. కొత్త కేసెట్టు కొందామంటే ఆ రేతిరి ఒక్క కొట్టూ తియ్యలేదు. నువ్వు షిఫ్టులో ఉన్నావు. నీ టేప్ రికార్డరు తెచ్చేను, ఓడ కేసెట్లున్న పెట్టికి తాళమేసుంది, రికార్డరు లోన ఇదే ఉంది. మీట దిగకపోతే అమ్మకని తెచ్చిన ప్లాస్టరు ముక్కే ఆ కన్నానికి అంటించేను.”

“మరి సెప్పలేదేం బావా?”

“సెబ్దామనే లేచేను ఆవేళ. నువ్వు ఎవులికిచ్చేవన్నావు. అమ్మ పాటకి నువ్వు నవ్విన మనిషివి. దీనికోసం నీ సినిమా చెరిపేనంటే ఏటంటావో అని నోరు రానేదు.”

కేసెట్టుని మొదటికి తిప్పి మళ్లీ పెట్టమన్నాను. ఆ ఒక్క ముక్కనే ఆవిడ ఎన్నిసార్లు తిప్పిందో, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట రాగాన్ని ఎలా కొత్తగా విరిచిందో, అపురూపమైన సంగీతం కోసం దేశదేశాల కేసెట్లు వెతికిన నాకు అప్పటికి వినిపించింది.

బావ నాలుగేళ్ల క్రితం పోయాడు. ఇప్పుడు ఫోనులో ఎన్ని పాటలైనా పడతాయి. ఒకటి దాచుకోవడానికి మరొకటి చెరిపే అవసరం ఎవరికీ రాదు. మంచిదే. కాని ఏది చెరపాలో, ఏది ఉంచాలో తెల్లారేలోగా ఒక్కడే తేల్చుకోవలసి వచ్చిన మనిషిని నేను పన్నెండేళ్లు దొంగ అనుకున్నాను. అనుమానించే గుణం ఈ వయసులో కూడా నన్ను వదల్లేదు. మారిందల్లా ఒక్కటే, ఇప్పుడు ఎవరైనా “నీకో మాట చెప్పాలి” అంటే, నేను నోరు మూసుకుని కూర్చుంటాను.