పెద్దాయన పోతేనే నా సెలవు

అప్పట్లో నేను రియాద్ పక్కన సులైలో, ఇనుప షెడ్లు కట్టే వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆవిడకి తొలి కాన్పు దగ్గర పడింది. మేనేజరు సంతకం పెడితే తప్ప ఇంటికెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు.

మేనేజరు జర్మన్. మంచివాడే గానీ ఒకటే జబ్బు. వాళ్ల ఊరికి మొదటిసారి రైలు తెచ్చిన ఓ పెద్దాయన జీవితచరిత్ర ఎప్పుడూ బల్ల మీదే ఉండేది. సెలవు అడగడానికి వెళ్తే కూర్చోబెట్టి, అందులోంచి ఇంగ్లీషులో చెప్పుకొచ్చేవాడు. ఫోన్ మోగగానే నా కాగితాన్నే పేజీ గుర్తుగా పెట్టి మూసేసేవాడు.

అలా నా సెలవు కాగితం పెద్దాయనతోపాటు పెరిగింది. రైలు పొగకి ఆవులు పాలివ్వవని రైతులు కర్రలు పట్టుకొచ్చారు. ఎలాగో పట్టాలు పడ్డాయి, రైలు నడిచింది. హమ్మయ్య అనుకున్నాను. రైలు వేసినవాడు ఇంట్లో కూర్చోవచ్చు కదా! ఊరి కౌన్సిల్‌కి నిలబడి గెలిచాడు. మురుగు కాలవలకే మూడు రోజులు పట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా డ్రైవరుది కడప. నా గోడంతా విని తాపీగా అన్నాడు. "అన్నా, ఆ పెద్దాయప్ప బిన్నా సచ్చేలా చూడు. లేకుంటే నీకు సెలవు రాదు."

మా ముత్తాత పుట్టకముందే పోయిన మనిషి త్వరగా పోవాలని నేను నిజంగానే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఓ పొద్దున ఇంటినుంచి ఫోన్. మా ఆవిడని ఆసుపత్రిలో చేర్చారట. పరుగున వెళ్లేసరికి మేనేజరు పుస్తకంలో వీధి దీపాల దగ్గరున్నాడు. ఏడుపు ఆపుకుని అడిగాను.

"ఆయనకి బిడ్డ పుట్టినప్పుడు ఆయనెక్కడున్నాడు సార్?"

మేనేజరు పేజీలు వెనక్కి తిప్పాడు. చాలాసేపు వెతికాడు. చివరికి ఒక్క వాక్యం దొరికింది. వంతెన పనిలో ఉండిపోయి, కూతురు పుట్టిన అయిదో రోజున ఇల్లు చేరాడట. ఆ పేజీ నాకు చదివి వినిపించిందే. ఆ వాక్యం మాత్రం ఇద్దరి బుర్రకీ ఎక్కలేదు.

మేనేజరు కాగితం బయటికి లాగి సంతకం చేశాడు. గుర్తుకోసం పేజీ మూల మడిచాడు.

ముద్రలన్నీ పడి, నేను ఇల్లు చేరి మా అమ్మాయిని ఎత్తుకునేసరికి దానికి ఆరో రోజు. పెద్దాయన కంటే ఒక రోజు ఆలస్యం. ఆయన గుర్రబ్బండిలో వెళ్లాడు, నేను విమానంలో వెళ్లాను.