ఉత్త ఎసరు

మా ఎదురింటి అక్క మీద నాకున్నంత కుళ్లు ఈ బయ్యారంలో ఎవరికీ ఎవరి మీదా ఉండదు. ఆమెకు భర్త లేడు, గుంట పొలం లేదు. మిరపతోటల్లో కాయ ఏరే కూలికి పోతుంది. మాకు కిరాయికి తిరిగే ట్రాక్టరు ఉంది, స్లాబు ఇల్లు ఉంది. అయినా కుళ్లుకునేది నేనే. ఎందుకంటే దేవుడు ఆమె మాట వింటాడు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమనగానే ముందు లేచేది ఆమే. ఒక వారం ఆమె చెప్పింది నేను జన్మలో మరచిపోను.

"ఇంట్ల బియ్యం లెవ్వు. అయినా ఎసరు పెట్టిన. ప్రభువా, ఇగ నువ్వే సూస్కో అన్న. నీళ్లు మసిలే యాళ్లకు దేవుడు బియ్యం పంపిండు."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, పళ్లు కొరుక్కుంటూ.

దేవుడు పంపడమేమిటి? ఆ బియ్యం మావి! మా సంఘంలో ఆడవాళ్లం అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తాం. ఆదివారం తెచ్చి చర్చిలో పెట్టిన బస్తాలో పోస్తాం. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో కనిపెట్టి పాస్టరమ్మ చాటుగా ఇచ్చి వస్తుంది. సన్నవీ దొడ్డువీ కలిసిన ఆ బియ్యం వండితే కొన్ని మెతుకులు మెత్తబడతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. అక్క మాత్రం బైబిల్లోలా ఆకాశం నుంచి మన్నా రాలినట్టు చెబుతుంది. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఉడుక్కుంటే ఆయన నవ్వాడు.

"నీకేం తక్కువైంది? నువ్వు గూడ ఎసరు పెట్టరాదు," అన్నాడు.

తక్కువైన రోజు రానే వచ్చింది. ట్రాక్టరు మీది నుంచి పడి ఆయన కాలు విరిగింది. మహబూబాబాద్ దవాఖానలో కట్టు కట్టి, మంచం దిగొద్దన్నారు. ట్రాక్టరు ఇంటి ముందే నిలబడిపోయింది. మొదట కూరలు తగ్గాయి, తర్వాత పాలు ఆగాయి. పాస్టరమ్మ వచ్చి అడిగితే "ఏం పరేషాన్ లేదమ్మా, దేవుని దయ" అన్నాను. తరిగొప్పులలో ఉన్న మా అన్న ఫోన్ చేస్తే అతనికీ అదే మాట. అక్క ఇంటికి మోసుకుపోయే బియ్యం సంచి మా వాకిట్లోకి కూడా రావడం, దాన్ని అక్క చూడడం, అది నా వల్ల కాదు.

ఎండాకాలం సెలవుల్లో బియ్యం అడుగంటాయి. బడి ఉంటే పిల్లలకు అక్కడ ఒక పూటైనా గడిచేది. ఎవరికీ చెప్పకుండా మా దేవుని డబ్బా కూడా వంపి వండేశాను. మరునాడు శనివారం, వంపడానికి ఇంకేమీ లేదు.

ఆమెకు పంపినవాడు నాకు పంపడా? పంతం పట్టి గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. కళ్లు మూసుకున్నాను. అందులో ప్రార్థన కంటే దబాయింపే ఎక్కువ. నీళ్లు మరిగాయి. ఎవరూ రాలేదు. సగం ఇగిరిపోతే మళ్లీ పోశాను. చూశావా, నువ్వు కూడా ఆమె వైపే అన్నాను దేవుడితో. ఏడుపొచ్చింది.

అప్పుడే అక్క వచ్చింది, మా చెట్టు కరివేపాకు కోసం.

"ఏంది చెల్లె, ఎసరు గంతగనం మసులుతాంది, బియ్యం పోస్తలేవు?"

"పోస్త అక్కా, ఇప్పుడే కడుగుత."

ఆమె చుట్టూ చూసింది. కడగడానికి బియ్యం ఎక్కడా లేవు. ఉత్త ఎసరు సంగతి ఆమెకు తెలియనిదా! కరివేపాకు తెంపకుండానే వెళ్లి, కొంగు చాటున డబ్బా పట్టుకొచ్చింది. అది ఆమె దేవుని డబ్బా.

"గది దేవునిది గదా అక్కా," అన్నాను.

"మరి నీతోని ఎసరు పెట్టిచ్చింది ఎవరు?" అని తనే కడిగి పోసింది.

పిల్లలు కడుపునిండా తిన్నారు. నాకే ముద్ద దిగలేదు. రేపు ఆదివారం. ఆమె లేస్తుంది, మా ఇంటి ఉత్త ఎసరును మైకులో చెబుతుంది. నా ఇంట్లో జరిగిన ఒక్క అద్భుతం కూడా ఆమె సాక్ష్యంలోకే పోతుందని కడుపు మండింది.

చర్చిలో అందరూ బస్తాలో బియ్యం పోశారు. అక్క వట్టి చేతులతో వచ్చింది. పాస్టరమ్మ "ఈ వారం ఏమైందమ్మా?" అంటే నవ్వి ఊరుకుంది. పాస్టరు అయ్యగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. నేను తల దించుకున్నాను. ఎవరూ లేవలేదు. పక్కకు చూస్తే అక్క చాప మీద చేతులు కట్టుకుని, ముందుకు చూస్తూ కూర్చుంది. ఆమె లేవని ఆదివారం నాకు తెలిసి అదొక్కటే.

నోరు మూసుకోవడంలో కూడా నన్ను గెలిచింది. ఆ కుళ్లుతోనే లేచి నిలబడ్డాను. మైకు అందుకున్నాను. ఏవేవో చెప్పాలనుకున్నాను గానీ నోట్లోంచి ఆమె మాటలే వచ్చాయి.

"ఇంట్ల బియ్యం లెవ్వు," అన్నాను. "అయినా ఎసరు పెట్టిన."